లూదియా గచ్చు, రాహేలమ్మ చౌడు

ఇన్‌స్పెక్టరుగారు గొడుగు మొనతో దూలాన్ని ఒక్క పోటు పొడిచారు. దూలంలోంచి పిడికెడు పొట్టు రాలి ఆయన టీ గ్లాసులో పడింది. 1977 ఫిబ్రవరిలో మా బడి గతి ఆ గ్లాసులోనే తేలిపోయింది. జూన్‌లో బడి తెరిచేనాటికి కప్పు మార్చకపోతే ఇందులో పిల్లల్ని కూర్చోబెట్టడానికి వీల్లేదని, బడిని వాగు అవతలి ఊరికి మార్చేస్తామని రాసి, నా చేత సంతకం పెట్టించుకుని, ఆ టీ ముట్టకుండానే జీపెక్కారు.

ఆ బడికి నేనొక్కదాన్నే పంతులమ్మని. పేరు సరస్వతి, ఊరు నంద్యాల. ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలో, చాగలమర్రి రోడ్డు పక్కనున్న ఆ పల్లెకు ఉద్యోగం మీద వచ్చాను. వారంలో ఆరు రోజులు ఆ గది బడి, ఏడో రోజు ప్రార్థన మందిరం. బడి వాగు దాటిందంటే వానాకాలమంతా చిన్నపిల్లలు బడికి పోలేరు, ఆడపిల్లలను అసలే పంపరు. ఆ సంగతి నాకు తెలుసు, ఊరికీ తెలుసు. అందుకే ఆ వారమంతా ఎవరింట్లోనూ అన్నం సహించలేదు.

తప్పెవరిదంటే ఊరందరిదీ. మా వైపు ఇళ్లు మట్టి మిద్దెలు. దూలాల మీద బండలు పరిచి, పైన చౌడు మట్టి కప్పుతారు. చౌడు తడిస్తే బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. కాకపోతే ప్రతి వానకూ కొంత కొట్టుకుపోతుంది, అందుకని ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు వేస్తారు. సొంత ఇంటి మీదైతే పాతది గీకి కొత్తది వేస్తారు. ఇది దేవుడి ఇల్లు కదా, గీకడమేంటని, భక్తి కొద్దీ ముప్పై ఏళ్లుగా పైపైన వేసుకుంటూ పోయారు. కొలిస్తే రెండడుగులు తేలింది. అంత భక్తిని దూలాలు మోయలేకపోయాయి.

సిమెంటు కప్పు వేయిద్దామంటే అప్పట్లో సిమెంటుకు పర్మిట్ కావాలి. దరఖాస్తు పట్టుకుని మూడుసార్లు తిరిగాను. మూడోసారి గుమాస్తా జాలిపడి, "సెప్టెంబరులో ఒకసారి కనబడమ్మా" అన్నాడు. సెప్టెంబరుకు మా బడి వాగు అవతల ఉంటుంది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘమంతా కూర్చుంది. సంఘ పెద్ద నతానియేలు ఇక దేవుడే దిక్కు అన్నాడు. వెనక వరసలోంచి లూదియా లేచింది.

"దేవునికి శానా పనులుంటాయి పెదనాయనా. మిద్దె పని మనం చూసుకుందాం" అంది.

లూదియాకు అప్పుడు నలభైకి రెండేళ్లు తక్కువ. పన్నెండో ఏట నుంచి గచ్చు కొట్టే కూలికి పోయేది. రాతి ముక్కలూ సున్నమూ కలిపి మిద్దె మీద పరిచి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొడతారే, ఆ పని. భర్త శాంతయ్య బేల్దారి, అంటే గోడలు కట్టే మేస్త్రీ. మాట తక్కువ మనిషి. ఇంటికి కావలసిన మాటలన్నీ లూదియా ఒక్కతే మాట్లాడేసేది కాబట్టి ఆయనకు అవసరం పడలేదేమో. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు రాదు. రహస్యం చెప్పినా రోడ్డు మీద బస్సు ఆగేది.

"సిమెంటెందుకు మనకు? సున్నం ఒక్కటి కొంటే సాలు. బూడిద నంద్యాల మిల్లోళ్లు పారేస్తాండారు. రాళ్లు ఆళ్లగడ్డ శిల్పులు పారేస్తాండారు. రొండూ తెచ్చుకుందాం."

"బూడిదతో మిద్దె యాడన్నా ఉండాదా మే?" అన్నాడు నతానియేలు.

లూదియా కొంగు ముడి విప్పి, సబ్బుబిళ్లంత నల్లటి ముక్క తీసి ఆయన ముందు పెట్టింది. దాని కథ ఇది. నంద్యాలలో ఒక బియ్యం మిల్లు ఉంది. వడ్లు ఉడకబెట్టే బాయిలరు కింద ఊకనే కాలుస్తారు. ఆ బూడిద మిల్లు వెనకాల గుట్టలుగా పడి ఉంటుంది, గాలి తోలితే వీధంతా ఎగురుతుంది. అంట్లు తోమడానికి తప్ప ఎవరూ దాని జోలికి పోరు. ఒక ఏడాది మిల్లుకు వెల్లవేయడానికి ఎవరో ఆ బూడిద గుట్టలోనే గుంట తీసి సున్నం నానబెట్టారు. మరుసటేడు ఆ గుంట పూడ్చే పని లూదియా, శాంతయ్యలకు వచ్చింది. బూడిద గుంటే కదా, పారతో అయిపోతుందనుకున్నారు. పార వంగింది. గడ్డపార వేస్తే ఖంగుమని వెనక్కి వచ్చింది. శాంతయ్య చేతులు నొప్పెట్టి కూర్చుంటే, లూదియా ఆ గుంట గోడను నాకి చూసిందట. సున్నం పనివాళ్లకు అదొక అలవాటు.

విరగ్గొట్టిన ముక్క ఒకటి ఇంటికి తెచ్చి, గొడ్లు నీళ్లు తాగే తొట్టిలో పడేసింది. మూడు నెలలు అందులోనే ఉంది. "తొట్లో ఈ రాయేందే, గొడ్లు పండ్లు ఊడగొట్టుకోవాలనా?" అని అత్త రాహేలమ్మ రోజూ తిట్టేది. మూడు నెలలకు తీసి చూస్తే అంచు కూడా అరగలేదు. అప్పటినుంచి ఆ ముక్క లూదియా కొంగులోనే ఉంది, దానికి తగ్గ పని కోసం చూస్తూ.

నతానియేలు ఆ ముక్కను గోరుతో గీకాడు, రాయితో కొట్టాడు, చివరికి తనూ నాకి చూశాడు. "సరే. శాంతయ్యా, నువ్వు మేస్త్రీగా ఉండి చేయిస్తావా?" అన్నాడు.

శాంతయ్య తల అడ్డంగా ఊపాడు. "ఈ పని నాకు తెల్దు. దానికే తెల్సు. తాపీ దానికే ఇయ్యండి. నేను గంప మోస్తా" అన్నాడు. పెళ్లయిన తరువాత ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలని రాహేలమ్మ నాతో చెప్పింది.

మా వైపు ఆడవాళ్లు గంప మోస్తారు, గచ్చు కొడతారు, తాపీ మాత్రం పట్టరు. పడితే గోడ నిలవదనేవాళ్లు. మగవాళ్లు కట్టిన గోడలు ఎన్ని పడలేదు గనక? ఆ మాట నేను అన్నాను కూడా. నన్నెవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక కట్టుబాటు మీద ఒప్పుకున్నారు. మిద్దె నీళ్లు నిలిపితే లూదియా మేస్త్రీ. ఒక్క చుక్క కారినా ఇక తాపీ ముట్టకూడదు. బడి ఎలాగూ వాగు దాటుతుంది. లూదియా దానికీ "సరే" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గాని, ఆమె మాత్రం గుర్రు పెట్టి నిద్రపోయిందని విన్నాను.

బూడిద రావడం కష్టం కాలేదు. ఈ పల్లెల నుంచి వడ్ల బండ్లు నంద్యాల మిల్లుకు పోయి ఖాళీగా తిరిగొస్తాయి. లూదియా ఒక్కో బండి ముందు నిలబడి, "ఖాళీగా వస్తే ఎద్దులకు సిగ్గుగాదా అన్నా?" అని అడిగేది. ఎద్దుల సంగతేమో గాని బండ్ల వాళ్లు సిగ్గుపడ్డారు. నెలలో బడి పక్కన బూడిద మూటలు నా ఎత్తు లేచాయి. ఊరంతా ముక్కుల్లో బూడిదే.

రాళ్ల దగ్గరే చిక్కు వచ్చింది. ఆళ్లగడ్డలో గురుస్వామి అనే శిల్పి కొట్టం వెనక పాతికేళ్ల రాతి ముక్కలు, పొడి పోగుపడి ఉన్నాయి. గచ్చుకు కావలసిన బొటనవేలంత ముక్కలు అన్నీ అక్కడే ఉన్నాయి, ఎవరూ కొట్టిపెట్టనక్కరలేదు. ఆ మాట వినగానే నతానియేలు గతుక్కుమన్నాడు. "విగ్రహాలు చెక్కిన రాళ్లను ప్రార్థన గుడి మీద పెడతామా? సంఘం ఒప్పుకోదు" అన్నాడు. నిజానికి సంఘానికి అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు, ఈయన అన్నాక వచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటే వినే మనిషి కాదు.

లూదియా వాదించలేదు. నతానియేలునూ నన్నూ బస్సెక్కించి తిన్నగా గురుస్వామి కొట్టానికే తీసుకుపోయింది. ఆయన అప్పుడు ఒక వినాయకుడి బొజ్జ నునుపు చేస్తున్నాడు. సంగతి విని ఉలి పక్కన పెట్టాడు. ఆయనకూ ఒక అభ్యంతరం ఉంది.

"సామి రాయి నుంచి రాలిన ముక్కలమ్మా అవి. నేల మీద పరిచి తొక్కుతామంటే ఇయ్యలేను."

"నేల మీద కాదు సామీ, నెత్తిమీద పెట్టుకుంటాం. మిద్దెకు" అంది లూదియా. ఎండాకాలం ఊరంతా మిద్దెల మీదే పడుకుంటుందన్న సంగతి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

గురుస్వామి మెత్తబడ్డాడు. అప్పుడు నతానియేలు గొంతు సవరించుకుని అడిగాడు. "అది గాదప్పా, ఉన్నమాట చెప్పు. ఈ ముక్కల్లో మీ దేవునిది ఏమన్నా ఉండాదా?"

గురుస్వామి ఆ వినాయకుడినీ, పక్కనున్న ముక్కల గుట్టనూ చూపించాడు. "దేవునికి కావాల్సింది ఆయప్ప దగ్గర్నే ఉండాది. దేవుడు కాని రాయే గదా నేను కొట్టి పారేసింది."

నతానియేలు ముఖం విప్పారింది. "అయితే మాకు కావాల్సింది అదే" అన్నాడు.

రెండు మతాల పెద్దలు అంత తొందరగా ఒక మాట మీదికి రావడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. గురుస్వామి టీ తెప్పించాడు. తాగుతూ ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

ఏప్రిల్‌లో పాత మిద్దె దించారు. గది మీద నుంచి దిగిన చౌడు నలభై బండ్లు తేలింది. బడి ముందే కుప్ప పోశారు. మొదటిరోజు ఆ కుప్ప మీద నుంచి జారి ఇద్దరు పిల్లలు లాగులు చించుకున్నారు. దూలాలు మార్చి, పాత బండలే మళ్లీ పరిచారు. గానుగలో సున్నమూ బూడిదా వేసి దున్నపోతుతో తిప్పించారు. కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లు పోశారు. లూదియా ఆ ముద్దను చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకుని, "ఇంగొక తిరుగుడు" అనేది. నాలుగు రోజులు అదే మాట అంది. దున్నపోతు కూడా ఆమెను చూస్తే తల తిప్పుకునేది.

మే రెండో వారంలో గచ్చు పడింది. పదహారు మంది ఆడవాళ్లు వరసకు కూర్చుని, గురుస్వామి ముక్కలూ నల్లటి సున్నమూ కలిపి పరిచిన మిద్దెను కొయ్య చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. పాట లేకుండా ఆ పని సాగదు. పొద్దున కీర్తనలతో మొదలై, ఎండెక్కేసరికి ఎగతాళిలోకి దిగేది. శాంతయ్య గంపతో నిచ్చెనెక్కినప్పుడల్లా ఒకటే పాట:

*గంప మోసే మొగుడమ్మా, తాపీ పట్టే పెండ్లామమ్మా,*
*దెబ్బ మీద దెబ్బ వేస్తే మిద్దే నవ్వాలమ్మా.*

శాంతయ్య సిగ్గుపడేవాడు, అయినా గంప దింపి ఒక నిమిషం ఎక్కువే నిలబడేవాడు. నేను కూడా చీర బిగించి ఒక పూట కొట్టాను. సాయంత్రం చాక్‌పీసు పట్టుకోలేకపోయాను. ఐదో రోజు లూదియా చెక్కతో ఒక్కటి వేసింది. చెక్క ఎగిరి పడింది. "ముదిరింది. చాలు" అంది. పదహారు మందీ అక్కడే వెల్లకిలా పడుకున్నారు.

ఇక మిగిలింది ఒక్కటే. గచ్చు పదిహేను రోజులు తడిగా ఉండాలి. మే నెల ఎండకు ఆరిందంటే నిలువునా పగులుతుంది. ఊరి బావిలో చూస్తే అడుగున బురద. ఇంటికి రెండు కడవలు కూడా రావడం లేదు. లూదియా ముఖంలో మొదటిసారి భయం చూశాను. పాత గోనెసంచులు పరిస్తే ఉన్న తడి నిలుస్తుందని, ఒక నూనెమిల్లులో అడగడానికి నంద్యాల బయలుదేరింది. "రొండు దినాల్లో వస్తా. ఎవరూ మిద్దె ఎక్కొద్దు" అని మూడుసార్లు చెప్పి పోయింది.

రెండోనాడు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. మబ్బు చూస్తే మా పల్లెలో ప్రతి మనిషికీ చేతులు దురద పెడతాయి. ముందుగా లేచింది రాహేలమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి, కట్టె ఊపుతూ వీధి వీధి తిరిగింది.

"వాన వస్తాంది. నా కోడలు మిద్దె బట్టలిప్పుకుని నిలబడుండాది. చౌడు కప్పండప్పా, బేగా రాండి."

నేను అడ్డం పడ్డాను. గచ్చుకు చౌడు అవసరం లేదని చెప్పాను. "నువ్వు అచ్చరాలు చెప్పు టీచరమ్మా. మిద్దెల సంగతి నాకు చెప్పొద్దు" అంది రాహేలమ్మ. చౌడు ఎక్కడికో పోయి తేవలసిన పనీ లేదు, కుప్ప ఎదురుగానే ఉంది. గంటలో జానెడు మందాన కప్పేశారు. నతానియేలు స్వయంగా గంప మోశాడు. పైన ఇన్ని నీళ్లు చిలకరించి, అరచేతులతో మెత్తారు. ఎవరింటి తాగే నీళ్లు వాళ్లు తెచ్చి చల్లారు. అది చూసి నాకు కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

సరిగ్గా అప్పుడే బస్సు ఆగింది. లూదియా నెత్తిన గోనెసంచుల మూటతో దిగి, మిద్దె వైపు చూసి, మూట అక్కడే వదిలేసింది.

"ఏందీ చేసింది?"

"చౌడు కప్పినాం" అంది రాహేలమ్మ, బహుమానం కోసం చూస్తున్నదానిలా.

ఆ తరువాత లూదియా అన్న మాటలన్నీ రాయలేను, నేను పంతులమ్మని. దేన్నైతే నలభై బండ్లు దించామో దాన్నే మళ్లీ పైకెక్కించారే, పుణ్యానికి పోతే పాపం ఎదురైందే అని గుండెలు బాదుకుంది. గీకుదామని పార పట్టుకుని నిచ్చెన మీద కాలు పెట్టింది. వాన దిగింది. ఊరంతా బడిలోకి పరుగెత్తి, తలలెత్తి నిలబడ్డాం. గంటసేపు కుమ్మింది. ఒక్క చుక్క కారలేదు.

"చూస్తివా, నా చౌడు" అంది రాహేలమ్మ.

"నా గచ్చు" అంది లూదియా.

అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు. పదిహేను రోజులు ఆ ఇంట్లో ఇద్దరూ ఆ రెండు ముక్కలే మాట్లాడుకున్నారు. మధ్యలో శాంతయ్య రొట్టెలు తిని లేచిపోయేవాడు. చౌడు గీకాలా వద్దా అని ఊరు రెండుగా చీలింది, చౌడు మాత్రం అలాగే ఉండిపోయింది. చివరికి నతానియేలు తీర్పు చెప్పాడు. చౌడు గీకేయాలి, గచ్చు మీద నీళ్లు కట్టాలి, అప్పుడు చూద్దాం అన్నాడు.

గీకిన రోజు నేనూ మిద్దె ఎక్కాను. లూదియా పారతో ఒక మూల తొలగించి, అరచేయి పెట్టి చూసి, కదలకుండా కూర్చుండిపోయింది. కింద గచ్చు చల్లగా, తడిగా, వెంట్రుకంత పగులు లేకుండా, పలకలా నల్లగా ఉంది. వేలితో కొడితే ఖంగుమంది. ఎదురుగా రాహేలమ్మ కట్టె మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఆమె దిగిపోయాక లూదియా నా చెవిలో చెప్పింది. "ఈ చౌడే తడి పట్టి పెట్టింది టీచరమ్మా. ఆ గోనెసంచులు యాడా సాలవు, గచ్చు ఎండకు పగిలిపోయుండేది. ముసిల్దానికి మాత్రం చెప్పొద్దు, నన్ను బతకనియ్యదు." ఆమె రహస్యం కాబట్టి రోడ్డు మీద పోయేవాళ్లకు వినబడిందేమోనని నేను భయపడ్డాను.

అంచుల వెంట మట్టి గట్టు పెట్టి, వాన పడి ఊరిన బావి నుంచి తోడి, మిద్దె మీద జానెడు నీళ్లు కట్టారు. మూడో రోజు బడి తెరిచే రోజు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. గొడుగుతో దూలాన్ని పొడిచారు, ఏమీ రాలలేదు. కప్పు చూసి, సిమెంటు పర్మిట్ ఎలా దొరికిందని అడిగారు. నేను ఆయన్ని నిచ్చెనెక్కించాను. మిద్దె మీద నీళ్లలో రెండు పిచ్చుకలు స్నానం చేస్తున్నాయి. దిగి వచ్చి టీ అడిగారు, ఈసారి గ్లాసు ఖాళీ చేశారు. బడి ఎక్కడికీ పోలేదు. ఆ సాయంత్రం సంఘం ముందు నతానియేలు లూదియాను "మేస్త్రీ" అని పిలిచాడు. శాంతయ్య అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. నేను ఏడ్చాను, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఆ తరువాత ఏడేళ్లలో లూదియా ముప్పైకి పైగా మిద్దెలు వేసింది. బనగానపల్లెలో మామిడికాయల మండీకి, చాగలమర్రిలో టీ అంగడికి, ఎన్నో ఇళ్లకు. మిల్లుల వెనక బూడిద గుట్టలు తరిగాయి. గురుస్వామి కొట్టం వెనక పాతికేళ్లుగా కనబడని గోడ బయటపడింది. ప్రతి మిద్దెకూ గచ్చు ముదిరిన రోజే జానెడు చౌడు కప్పించి పదిహేను రోజులకు తీయించేది. ఎందుకని అడిగితే "దిష్టికి" అనేది. మొదటి గంప మాత్రం రాహేలమ్మ చేత వేయించేది. ఆ ముసలామెను బండిలోనో బస్సులోనో ఎక్కించుకుని ఎంత దూరమైనా తీసుకుపోయేది. దారి పొడవునా ఇద్దరూ "నా చౌడు", "నా గచ్చు" అని పోట్లాడుకునేవారు.

1984లో నంద్యాలలో ఆ బియ్యం మిల్లు యజమాని తన కొత్త ఇంటికి లూదియా గచ్చే కావాలన్నాడు. తన మిల్లు బూడిద తన నెత్తిమీదికే రావడం ఆయనకు తమాషాగా ఉంది. నేను సెలవులకు పుట్టింటికి వచ్చి ఉన్నాను, చూడటానికి పోయాను. గచ్చు కొట్టడం అయిపోయింది. రాహేలమ్మ మొదటి గంప వేసి, ఖాళీ గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది. యజమాని మిద్దెక్కి చుట్టూ చూశాడు.

"ఈడ మేస్త్రీ ఎవరు?"

అందరూ లూదియా వైపు చూశారు. రాహేలమ్మ కట్టె ఎత్తింది. "నేనే నాయనా. అది నా కోడలు. నేను చెప్పింది చేస్తాది."

ఇప్పుడు పిడుగు పడుతుందనుకున్నాను. లూదియా చేయి కడుక్కుని, తాపీ తుడిచి, తెచ్చి అత్త ఒడిలో పెట్టింది.

"నిజమే అయ్యా. ఆ పొద్దు ఈమె చౌడు కప్పకపోతే నా మొదటి మిద్దె పగిలిపోయేది. నాకు తాపీ ఎవరూ ఇచ్చేటోళ్లు గాదు. నా మేస్త్రీ ఈమెనే" అంది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

రాహేలమ్మ తాపీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడేళ్లుగా ఎదురుచూసిన మాట విన్నట్టు ముఖంలో ఏమీ కనబడలేదు.

"తెలుసులే మే. ఆ పొద్దు చౌడు గీకేటప్పుడే నీ మొగం చూసినా" అంది. తాపీ కోడలి చేతికి తిరిగి ఇచ్చేసింది. "చౌడు ఆరిపోతాంది. పోయి నీళ్లు చల్లు."

లూదియా కడవ తీసుకుని చల్లింది.